పిస్టన్ తిప్పే కిట్: నాలుగేళ్లు వాడాక

బ్రేకు ప్యాడ్లు మార్చేటప్పుడు వెనక చక్రాల బ్రేకు పిస్టన్లని లోపలికి తిప్పే కిట్ ఇది. కొన్న కొత్తలో రాసి ఉంటే కళ్లు మూసుకుని అయిదు నక్షత్రాలు ఇచ్చేవాణ్ణి. అప్పటి సంబరం అలాంటిది మరి.

నాది 2009 సివిక్. వెనక కూడా డిస్కులే, హ్యాండ్‌బ్రేక్ పనిచేసేదీ ఆ డిస్కుని ప్యాడ్లతో నొక్కిపట్టే కాలిపర్‌తోనే. ముందు చక్రాల పిస్టన్లు సి-క్లాంప్ బిగిస్తే బుద్ధిగా లోపలికి పోయాయి కదా అని వెనకా అదే చేశాను. గంటసేపు కుస్తీ పడితే క్లాంపే వంగింది. వెనక పిస్టన్ లోపల మర ఉంటుందనీ, నొక్కుతూ తిప్పాలనీ తర్వాత తెలిసింది. మర పాడవకపోవడం నా అదృష్టం. ఈ కిట్‌తో తిప్పితే మాత్రం పిస్టన్ తిరుగుతూ తిరుగుతూ లోపలికి దిగిపోయింది. ఆ ముచ్చట ఇంట్లో వారం రోజులు చెప్పాను. (బానెట్ కింద డబ్బాలోంచి కాస్త బ్రేక్ ఆయిల్ సిరంజితో తీయడం మరిచిపోయాను. పిస్టన్ వెనక్కి తోసిన ఆయిల్ పొంగి పెయింట్ మీద పడింది. ఆ మచ్చ ఇంకా ఉంది.)

మొన్న దీపావళి సెలవుల్లో మళ్లీ ప్యాడ్లు మార్చాను. కుడివైపు పది నిమిషాల పని. ఎడమవైపు చాలావరకు వెళ్లి, ఇంకో మూడు మిల్లీమీటర్లు ఉందనగా మొండికేసింది. కొత్త ప్యాడ్లు పెడితే కాలిపర్ డిస్కు మీద కూర్చోవట్లేదు. బలంగా తిప్పితే రబ్బరు తొడుగు కూడా పిస్టన్‌తో పాటే మెలితిరుగుతోంది. కాలిపర్‌లోంచి ఆయిల్ బయటికి వదిలే నిపుల్ వదులు చేశాను. నాలుగు చుక్కల ఆయిల్ వచ్చింది, పిస్టన్ కదల్లేదు. ఇంకాస్త పట్టు పట్టేసరికి, కిట్‌లో పిస్టన్‌కి ఆనించి తిప్పే బిళ్ల మీది పిన్ను పక్కకి వాలిపోయింది. కిట్ తయారుచేసినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను.

కాఫీ తాగొచ్చి, టార్చి పట్టుకుని రెండు వైపులూ పోల్చి చూశాను. కాలిపర్ వెనక హ్యాండ్‌బ్రేక్ కేబుల్ లాగే చిన్న లీవర్ ఉంటుంది. కుడివైపు అది తనని ఆపే దిమ్మకి ఆనుకుని ఉంది. ఎడమవైపు మధ్యలో గోరు దూరేంత సందు. లోపల హ్యాండ్‌బ్రేక్ వదిలే ఉంచాను, కానీ కేబుల్ తుప్పు పట్టి లీవర్‌ని పూర్తిగా వదలట్లేదు. కేబుల్ కొక్కెం తప్పించి, తుప్పు స్ప్రే కొట్టి, లీవర్‌ని వెనక్కి తట్టాను. ఆ వంగిన పిన్నుతోనే పిస్టన్ సులువుగా తిరిగింది. దాని ముఖం మీది గాడి ప్యాడ్ వెనక బుడిపెకి సరిపోయేలా చూసి బిగించేశాను. కేబుల్ మర్నాడు షాపులో మార్పించాను.

కాబట్టి తప్పు కిట్‌ది కాదు, నాది. అయినా పిన్నులు ఇంత మెత్తటి ఇనుముతో చేయాల్సింది కాదు. డబ్బా నిండా బిళ్లలున్నాయి గానీ నాకు పనికొచ్చింది ఒక్కటే. ఇందులో ఉన్నది పిస్టన్‌ని కుడికి తిప్పే మర కడ్డీ ఒక్కటే. కొన్ని కార్లకు ఒక వైపు పిస్టన్ ఎడమకి తిప్పాలి, వాళ్లకి ఇది చాలదు. బటన్ హ్యాండ్‌బ్రేక్ ఉన్నవాళ్లు ముందు దాని మోటారుని వెనక్కి రప్పించాలి, ఈ కిట్ సంగతి ఆ తర్వాతే.

నాకు సొంత పార్కింగ్ ఉంది, ఆదివారం ఖాళీ, చేతులు నల్లబడితే ఇష్టం. అందుకని నాలుగు నక్షత్రాలు. ఒక్కసారి ప్యాడ్లు మార్చడం కోసమైతే నేనైనా కొనేవాణ్ణి కాదేమో.