1968 మస్టాంగ్ వెనక యాక్సిల్: ఎక్స్‌ప్లోరర్ 8.8 మేలా, 9 అంగుళాలది మేలా, ఉన్నదే ఉంచడం మేలా?

మా 1968 ఫోర్డ్ మస్టాంగ్‌లో ఉన్న 302 ఇంజన్‌ని 347గా మార్పించి (ఈ అంకెలు క్యూబిక్ అంగుళాల్లో ఇంజన్ సైజు), ఐదు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్ వేయించాక, మొదటిసారి క్లచ్ గట్టిగా వదిలిన రోజు వెనక నుంచి ‘టక్’ మని ఒక చప్పుడు వచ్చింది. ఏదీ విరగలేదు, కారు మామూలుగానే ఇంటికి వచ్చింది. కానీ ఆ తరవాత సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ నాకు అదే టెన్షన్. పైన ఉన్నది సుమారు 400 హార్స్‌పవర్, కింద ఉన్నది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 8 అంగుళాల యాక్సిల్, 28 పళ్ల రాడ్లు (మధ్య నుంచి చక్రాలని తిప్పే కడ్డీలు, పళ్లు వాటి లోపలి కొసన ఉంటాయి), డ్రమ్ బ్రేకులు. మార్చాలని వెంటనే అర్థమైంది, దేనితో మార్చాలో తేలడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది.

ముందే చెప్పేస్తాను, నేను ఎక్స్‌ప్లోరర్ 8.8, అంటే ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఎస్‌యూవీ నుంచి తీసిన వెనక యాక్సిల్ వేశాను, మళ్లీ చేయాల్సి వచ్చినా అదే వేస్తాను. అయితే మీ కారు 1965, 66లదైనా, లేదా డ్రాగ్ స్ట్రిప్ (తిన్నటి పందెం దారి) మీద స్లిక్ (గాడుల్లేని రేసు) టైర్లతో పరిగెత్తించేదైనా, నా మాట ఒక్కటే పట్టుకుని జంక్‌యార్డుకి వెళ్లకండి, మొత్తం చదవండి. ఈ అంగుళాల లెక్క తెలియనివాళ్ల కోసం ఒక మాట: 8, 8.8, 9 అంటే లోపల ఉండే క్రౌన్ వీల్, అంటే పెద్ద పళ్ల చక్రం వ్యాసం; దాన్ని తిప్పే చిన్న గేరు పేరు పినియన్.

ఉన్న 8 అంగుళాలదాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మీ ఇంజన్ కంపెనీ 289 గానీ 302 గానీ అయి, మామూలు రోడ్డు టైర్లతో తిరిగే కారైతే దాన్ని కదపకండి. తేలికైనది, క్రౌన్-పినియన్ ఉన్న ముద్ద మొత్తం ముందు వైపు నుంచి ఊడి వస్తుంది, సర్వీసు సుఖం. బేరింగులు, సీళ్లు మార్చి, కావాలంటే లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించే ఏర్పాటు) వేసుకుంటే చాలు. నా ఇబ్బంది రాడ్లతోనే. 28 పళ్ల రాడ్ వ్యాసం సుమారు 1.2 అంగుళాలు, 31 పళ్లది 1.3 పైచిలుకు. చూడ్డానికి తేడా గోరంత, కానీ మెలిపెట్టే బలాన్ని తట్టుకునే శక్తి వ్యాసం ఘనంతో పెరుగుతుంది కాబట్టి ఆ గోరంత తేడాకే దాదాపు 30 శాతం బలం ఎక్కువ వస్తుంది.

ఇక 9 అంగుళాలది. 1957లో మొదలుపెట్టి 1986 దాకా ఫోర్డ్ కార్లకీ పికప్‌లకీ వేసింది, దాని పేరు నిలబడింది ఊరికే కాదు. పినియన్‌కి వెనక కొసన కూడా ఒక బేరింగ్ ఉంటుంది, అంటే క్రౌన్ వీల్ తోసినా పినియన్ పక్కకి జరగదు. ముద్ద ఊడదీసి బల్ల మీద పెట్టుకుని గేర్లు సెట్ చేయొచ్చు, కారు కింద పడుకుని నడుము విరగ్గొట్టుకోనక్కర్లేదు. రాడ్లని బయట వైపు బేరింగ్ ప్లేటు పట్టుకుని ఉంటుంది, అందుకని రాడ్ విరిగినా సాధారణంగా చక్రం కారుని వదిలి వెళ్లిపోదు. దీనికి ఒక మూల్యం ఉంది, పినియన్ క్రౌన్ మధ్యరేఖకి బాగా కిందుగా ఉండడంతో పళ్లు ఒకదాన్నొకటి ఎక్కువ రాసుకుంటాయి, ఆ రాపిడిలో కొంత పవర్ వేడిగా పోతుంది. రోడ్డు మీద అది మనకి తెలిసేంత తేడా కాదు.

అసలు చిక్కు ఏంటంటే ఇప్పుడు యార్డుల్లో దొరికే 9 అంగుళాలవి ఎక్కువగా పాత ఎఫ్-150 పికప్‌లవి. బలానికి తిరుగులేదు, కానీ అవి మస్టాంగ్‌కి బాగా వెడల్పు, సుమారు 65 అంగుళాలు, పైగా చక్రం బోల్టులు 5.5 అంగుళాల వృత్తం మీద ఉంటాయి, మస్టాంగ్‌వి 4.5. రెండు వైపులా ట్యూబు కోయాలి, కొత్త కొసలు వెల్డింగ్ చేయాలి, కొత్త రాడ్లు చేయించాలి, బ్రేకులు కొత్తవి పెట్టాలి. తుక్కులో తెచ్చినదాంట్లో చివరికి మిగిలేది మధ్యలో ఉన్న గుండు మాత్రమే. ఒకప్పుడు మస్టాంగ్ వాళ్లంతా 1977-80 నాటి లింకన్ వెర్సైల్స్ వెనక యాక్సిల్ కోసం వెతికేవాళ్లు, 9 అంగుళాలది, ఫ్యాక్టరీ డిస్క్ బ్రేకులు, వెడల్పు 58.5 అంగుళాలు. అవి ఎప్పుడో ఏరుకుపోయారు, నాకు ఒక్కటీ కనపడలేదు. కాబట్టి ఈ రోజు 9 అంగుళాలది కావాలంటే కరీ, మోజర్, స్ట్రేంజ్ లాంటి కంపెనీల దగ్గర మీ కారు కొలతకి కొత్తది చేయించుకోవడమే సరైన దారి. నాకు డిస్క్ బ్రేకులతో సహా చెప్పిన ధర, నేను 8.8 మీద చివరికి పెట్టిన మొత్తానికి రెండింతలు దాటింది.

విజయవాడ ఆటోనగర్‌లో లారీల కింద హౌసింగులు మార్చడం చూస్తూ పెరిగినవాణ్ని. అక్కడ మేస్త్రీ కొత్త సామాను కొనే ముందు పక్క షెడ్డులో పాతది ఏముందో చూసి వస్తాడు. డాలస్ చుట్టుపక్కల యార్డులు తిరుగుతున్నప్పుడు నాకు ఎక్స్‌ప్లోరర్ ఆ కంటితోనే దొరికింది.

1995 నుంచి 2001 దాకా వచ్చిన ఎక్స్‌ప్లోరర్, దాని తోబుట్టువు మెర్క్యురీ మౌంటెనీర్, ఈ రెండిట్లో ఉన్న 8.8 మనకి కావాల్సింది. 31 పళ్ల రాడ్లు, ఫ్యాక్టరీ డిస్క్ బ్రేకులు, ఆ డిస్క్ లోపలే హ్యాండ్‌బ్రేకుకి చిన్న డ్రమ్ము, చక్రానికి ఐదు బోల్టులు అదే 4.5 అంగుళాల వృత్తం మీద. 1994 దాకా వచ్చినవి డ్రమ్ బ్రేకులవి. 2002 నుంచి ఎక్స్‌ప్లోరర్‌కి వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చేసింది, దాంట్లో మనకి పనికొచ్చే హౌసింగే లేదు. రేంజర్ పికప్‌లో కూడా 8.8 ఉంటుంది కానీ చాలావరకు 28 పళ్లది, మోసపోకండి.

వెడల్పు చూడండి, నన్ను ఒప్పించింది అదే. 1967-70 మస్టాంగ్ వెనక యాక్సిల్ 59.25 అంగుళాలు, ఎక్స్‌ప్లోరర్‌ది సుమారు 59.5. రెండు వైపులా కలిపి పావు అంగుళం తేడా. ట్యూబు కోయకుండా కూర్చుంటుంది. పినియన్ మాత్రం మధ్యలో ఉండదు, కుడి వైపుకి కొంచెం జరిగి ఉంటుంది, అంచేత ప్రొపెల్లర్ షాఫ్ట్ టన్నెల్లో కాస్త వాలుగా పోతుంది. షాఫ్ట్ కొసల్లో ఉండే క్రాస్‌లు (యూనివర్సల్ జాయింట్లు) ఆ వాలుని తట్టుకుంటాయి, టన్నెల్‌కి తగలడం లేదని చూసుకుంటే సరిపోతుంది. నాకు ఏ అదురూ రాలేదు.

యార్డులో విప్పే ముందు వెనక మూత బోల్టుకి వేలాడే చిన్న రేకు ముక్కని బ్రష్షుతో గీకి చదవండి. 3కి, 73కి మధ్య ఎల్ అక్షరం ఉంటే 3.73 గేరు (చక్రం ఒక చుట్టు తిరిగేలోపు షాఫ్ట్ 3.73 చుట్లు తిరుగుతుంది), లిమిటెడ్ స్లిప్ ఉన్నది. ఎల్ లేకపోతే మామూలుది. రేకు రాలిపోయి ఉంటే రెండు చక్రాలూ గాల్లో ఉండేలా చూసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి ఒక చక్రం చేత్తో తిప్పండి, రెండోది అదే వైపుకి తిరిగితే లిమిటెడ్ స్లిప్ బాగున్నట్టు. ఎదురు తిరిగితే మామూలుదన్నా అయ్యుండాలి, లోపల క్లచ్ ప్లేట్లు అరిగిపోయన్నా ఉండాలి. నాది ఎదురే తిరిగింది, కానీ రేకు మీద ఎల్ ఉంది కాబట్టి తెచ్చేశాను. ఇంటికొచ్చి మూత విప్పితే ఆయిల్ నల్లగా, అడుగున అయస్కాంతానికి బూడిద రంగు పేస్టులా అంటుకున్న పొడి తప్ప ముక్కలేమీ లేవు. వేళ్ల మధ్య రుద్ది చూశాను, గరుకుగా ఏమీ తగల్లేదు. ప్లేట్లు మార్చి, కొత్త ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్ కలిపి పోశాను, అది కలపకపోతే మలుపుల్లో వెనక నుంచి అదురు, మూలుగు వస్తాయి.

3.73 గేరు ఎవరికి పనికొస్తుందో కూడా చూసుకోవాలి. నా గేర్‌బాక్స్ ఐదో గేరు 0.68, 26 అంగుళాల టైరుతో 70 మైళ్ల వేగంలో ఇంజన్ నిమిషానికి సుమారు 2300 చుట్లు తిరుగుతుంది. అదే ఓవర్‌డ్రైవ్ లేని నాలుగు గేర్ల పెట్టె అయితే 3400 దగ్గర అరుస్తూనే ఉంటుంది, దూర ప్రయాణంలో చెవులు, పెట్రోలు రెండూ పోతాయి. అలాంటి కారుకి 3.27 గేరు ఉన్న ఎక్స్‌ప్లోరర్ వెతుక్కోండి.

ఇక పని. ఎక్స్‌ప్లోరర్ హౌసింగ్‌కి కమాన్ పట్టీలు కూర్చునే దిమ్మలు, షాక్ అబ్జార్బర్ బ్రాకెట్లు మన కారుకి సరిపోవు, కోసి గ్రైండింగ్ చేసేయాలి. ట్యూబు 3.25 అంగుళాల లావు, కాబట్టి కొత్త దిమ్మలు, యూ బోల్టులు ఆ కొలతవే తీసుకోవాలి. పినియన్ కొసన యోక్ ఉండదు, గుండ్రటి ఫ్లాంజ్ ఉంటుంది, దానికి తగ్గ క్రాస్ జాయింటు కావాలి, షాఫ్ట్ పొడవు కొలిచి చేయించుకోవాలి. డ్రమ్ముల కోసం చేసిన మాస్టర్ సిలిండర్‌తోనే డిస్కులు నడపకండి, లోపల ఒత్తిడి నిలబెట్టే వాల్వు ఉంటే తీసేయాలి, వెనక్కి వెళ్లే లైన్లో తిప్పి సరిచేసుకునే ప్రొపోర్షనింగ్ వాల్వు పెట్టాలి, లేకపోతే వానలో బ్రేకు నొక్కితే వెనక చక్రాలే ముందుగా బిగుసుకుంటాయి. 14 అంగుళాల పాత చక్రాలు ఆ బ్రేకుల మీద కూర్చోవు, 15 కావాలి.

నేను దెబ్బ తిన్నది వెల్డింగ్ దగ్గర. దిమ్మలకి ట్యాక్ (తాత్కాలికంగా పట్టి ఉంచే చుక్క వెల్డింగ్) నేనే కొట్టాను, కారు బరువంతా చక్రాల మీదే ఉంచి, యాంగిల్ చూసే మీటరు పినియన్ మీద పెట్టి, రెండు డిగ్రీలు కిందకి చూసేలా. గట్టిగా తొక్కినప్పుడు కమాన్ పట్టీలు మెలిపడి పినియన్ ముక్కు పైకి లేస్తుంది, అందుకే ఆ రెండు డిగ్రీలు. అంతా సరిగ్గా చేసి, పూర్తి వెల్డింగ్‌కి ఒక షాపుకి ఇస్తే వాళ్లు ఒక్కో దిమ్మ చుట్టూ ఆపకుండా ఒకే ఊపులో లాగేశారు. ట్యూబు ఆ వేడికి ఒంగింది. కంటికి కనపడదు. రెండు వారాలకి ఎడమ చక్రం లోపలి వైపు గేర్ ఆయిల్ వాసన, చక్రం తీస్తే హ్యాండ్‌బ్రేకు షూలు నానిపోయి ఉన్నాయి. సీలు మార్చాను, మళ్లీ కారింది. చివరికి యాక్సిళ్లు సరిచేసే ఒక పెద్దాయన బేరింగుల స్థానంలో బిళ్లలు పెట్టి, లోపల నుంచి పొడుగు కడ్డీ దూర్చి చూపించాడు, కడ్డీ ఎడమ బిళ్లలోకి దూరలేదు. ట్యూబుకి రెండో వైపు వేడి పెట్టి, చల్లారనిచ్చి, మళ్లీ వేడి పెట్టి, మధ్యాహ్నానికి కడ్డీ జారుతూ దూరేలా చేశాడు. అంగుళం వెల్డింగ్, అటు వైపు అంగుళం, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక మళ్లీ ఇంకో అంగుళం, ఇలా తప్ప ఎవరినీ చేయనివ్వకండి.

యాక్సిల్‌కి 220 డాలర్లు ఇచ్చాను. ప్లేట్లు, బేరింగులు, సీళ్లు, దిమ్మలు, షాఫ్ట్, బ్రేకు సామాను, ఈ ఒంపు తీయించడం అన్నీ కలిపితే 1300 దాటింది. 220కే అయిపోతుందనుకుని దిగితే మధ్యలో ఆగిపోతారు.

8.8 బలహీనత కూడా దాచకుండా చెప్పాలి. రాడ్లని లోపల చిన్న సీ-క్లిప్పులే పట్టుకుని ఉంటాయి, రాడ్ విరిగితే దాన్ని బయటికి పోకుండా ఆపేది డిస్క్ బ్రేకు క్యాలిపర్ ఒక్కటే. క్వార్టర్ మైలు 10.99 సెకన్లలో గానీ అంతకంటే వేగంగా గానీ పోయే కార్లకి ఎన్‌హెచ్‌ఆర్ఏ (అమెరికాలో డ్రాగ్ రేసుల సంస్థ) వేరే రాడ్లు, వాటిని పట్టి ఉంచే ఏర్పాటు తప్పనిసరి చేసింది. పైగా ట్యూబులు మధ్య గుండులోకి దూర్చి కన్నాల్లో నింపి వెల్డింగ్ చేసినవే, స్లిక్ టైర్లతో మాన్యువల్ గేర్‌బాక్స్ కారుని దూకిస్తుంటే మెలిపడే అవకాశం ఉంది. ఇవన్నీ సరిచేసుకుంటూ పోతే కొత్త 9 అంగుళాలదాని ధర దగ్గరికి వచ్చేస్తారు, అలాంటి కారుకి మొదటే 9 అంగుళాలది కొనండి. నాది ఇంటి నుంచి ఆఫీసుకీ, ఆదివారం పిల్లలతో తిరగడానికీ, ఏడాదికి రెండుసార్లు స్ట్రిప్‌కీ వెళ్లే కారు, రోడ్డు టైర్లు. దీనికి 8.8 చాలు.

మా స్నేహితుడిది 1965, దాని వెనక యాక్సిల్ 57.25 అంగుళాలే. అతనికి ఎడమ ట్యూబు మూడు అంగుళాల లోపు కోసి, రెండు వైపులా కుడి వైపు పొట్టి రాడ్లే వేస్తే 56.5 చిల్లర వస్తుంది, పినియన్ కూడా మధ్యకి వస్తుంది. అంటే ఇంకో ఎక్స్‌ప్లోరర్ నుంచి ఒక కుడి రాడ్ కావాలి, ట్యూబు కోసి నిటారుగా అతికించగల మనిషి కావాలి. మనిషి దొరికాడు, ఆ పెద్దాయనే. రాడ్ కోసం నిన్న యార్డుకి వెళ్తే మూడు ఎక్స్‌ప్లోరర్లు కనపడ్డాయి, రెండిట్లో వెనక ఏమీ మిగల్లేదు, మూడోది ఇంకా చక్రాల మీదే ఉంది, డిస్క్ బ్రేకులది. శనివారం పొద్దున్నే తలుపులు తీసేసరికి స్పానర్లు పట్టుకుని అక్కడ ఉంటాం.