450 డాలర్ల గడ్డి ట్రాక్టర్: తొమ్మిదేళ్లు వాడాక

ముందే చెప్పేస్తున్నాను, ఇది కొత్త బండి సమీక్ష కాదు. 2004లో తయారైన లాన్ ట్రాక్టర్‌ని (మీద కూర్చుని నడుపుతూ గడ్డి కోసే బండి) 2016 ఏప్రిల్‌లో 450 డాలర్లకు కొన్నాను. ఒకటే సిలిండర్, 17.5 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజిన్, కింద 42 అంగుళాల డెక్ (బ్లేడ్ల మీద బోర్లించిన ఇనప మూత), అందులో రెండు బ్లేడ్లు, మడ్‌గార్డు మీద ఆరు గేర్ల లివరు. కంపెనీ పేరు అడక్కండి. ఒకే కార్ఖానాలో తయారై, రంగు మార్చుకుని రకరకాల పేర్లతో అమ్ముడుపోయే బాపతు ఇది. పేరుకంటే సీటు కింద స్టిక్కర్ మీదున్న మోడల్ నంబరే ముఖ్యం. పార్టులన్నీ దాంతోనే దొరుకుతాయి. కొన్న రోజే ఆ స్టిక్కర్‌ని ఫోటో తీసి పెట్టుకున్నాను. ఇప్పుడు స్టిక్కర్ వెలిసిపోయింది, ఫోటోయే దిక్కు.

మేముండేది నార్త్ కరోలినాలో, రాలీకి ముప్పావుగంట దూరంలో. ఎకరంపావు స్థలం. నేల ఎర్రమట్టి, వానొస్తే బూటుకి అంటుకుని వదలదు, ఎండితే రాయి. వేసింది ఫెస్క్యూ గడ్డి. మార్చి నుంచి నవంబరు దాకా కోస్తూనే ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో ఒక్క వారం తప్పితే ఆ తర్వాతి వారం రెండింతల పని. మొదటి ఏడాది తోసుకుంటూ కోసే చిన్న మెషిన్‌తో నెట్టుకొచ్చాను, నాలుగు గంటలు పట్టేది. మనిషిని పెడదామంటే కోతకి 70 డాలర్లన్నాడు. అదీ ఈ బండి మా ఇంటికొచ్చిన కథ.

నాకు అప్పటికి రిపేరు పని ఏమీ రాదు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. చేతిలో పానా పట్టుకోవడం కూడా దీంతోనే నేర్చుకున్నాను. అందుకే ఈ బండి గురించి మంచి చెప్పినా చెడు చెప్పినా, అందులో సగం నా గురించే అనుకోండి.

మూడో ఏడు, అంటే 2018 వసంతంలో, సెల్ఫ్ మొరాయించింది. తాళం తిప్పితే ‘గుర్’మని సగం చుట్టు తిరిగి, ఎవరో గొంతు పట్టుకున్నట్టు టక్కున ఆగేది. నాలుగైదుసార్లు తిప్పితే ఒకసారి ఎలాగో దాటేసి స్టార్ట్ అయ్యేది. బ్యాటరీ అనుకున్నాను. కొత్త బ్యాటరీ వేశాను, 40 డాలర్లు. రెండ్రోజులు బాగున్నట్టే అనిపించింది, మళ్ళీ మామూలే. సోలనాయిడ్ (సెల్ఫ్ మోటారుకి కరెంటు అందించే స్విచ్) అనుకున్నాను, అదో 15. ఆ తర్వాత ఏకంగా సెల్ఫ్ మోటారే మార్చేశాను, 60 డాలర్లు. ఏం మారలేదు. 115 డాలర్లు పోయాక, ఒక ఆదివారం పొద్దున మా బావకి వీడియో కాల్ చేశాను.

మా అక్క భర్త తెనాలి దగ్గర పల్లెలో ముప్పై ఏళ్లుగా ఆయిలింజన్లు, పంపుసెట్లు బాగుచేస్తాడు. ఫోన్ ఇంజిన్ దగ్గర పెట్టి తాళం తిప్పాను. ఆయన రెండుసార్లు విన్నాడు.

"ఏమోయ్, మన ఆయిలింజన్ హ్యాండిల్ కొట్టి ఎట్టా స్టార్ట్ చేసేవాళ్లం?"

"డీకంప్రెషన్ లివరు ఎత్తి పట్టుకుని, నాలుగు చుట్లు తిప్పి, స్పీడందుకోగానే వదిలేసేవాళ్లం బావా."

"మరి నీ బండికి ఆ లివరేదీ?"

"దీనికి ఉండదు బావా."

"ఉండకుండా ఎట్టా ఉంటదయ్యా? లోపలెక్కడో పెట్టుంటాడు. అదే పనిచేయట్లా. టాపెట్లు చూశావా?"

చూడలేదు. చూడాలని కూడా తెలియదు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఈ ఇంజిన్లలో క్యామ్ షాఫ్ట్ (వాల్వుల్ని తెరిచే కడ్డీ) మీద చిన్న బొడిపె లాంటిది ఉంటుంది. సెల్ఫ్ మోటారు మెల్లగా తిప్పుతున్నంతసేపూ అది ఒక వాల్వును కాస్త ఎత్తి పట్టి, సిలిండర్‌లో గాలిని కొంచెం బయటికి వదిలేస్తుంది. ఇంజిన్ అందుకుని వేగం పెరిగాక దానంతటదే పక్కకి తప్పుకుంటుంది. అంటే బావ చెప్పిన లివరే, మనిషి చెయ్యి లేకుండా. కానీ అది ఎత్తేది వెంట్రుకవాసి మాత్రమే. ఏళ్లు గడిచి టాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు) పెరిగిందనుకోండి, ఆ ఎత్తంతా గ్యాప్ పూడ్చడానికే సరిపోతుంది, వాల్వు కదలదు. పాపం ఆ చిన్న సెల్ఫ్ మోటారు పూర్తి కంప్రెషన్‌తో కుస్తీ పట్టి ఓడిపోతుంది. బయటినుంచి చూసేవాడికి బ్యాటరీ చచ్చినట్టే కనిపిస్తుంది.

పని చల్లటి ఇంజిన్ మీదే చేయాలి. ప్లగ్ విప్పి, వాల్వు కవర్ బోల్టులు తీశాను. ప్లగ్ కన్నంలోకి కూల్‌డ్రింక్ స్ట్రా ఒకటి పోనిచ్చి, పైన ఫ్లైవీల్‌ని చేత్తో మెల్లగా తిప్పుతుంటే స్ట్రా బయటికి జరుగుతుంది. రెండు వాల్వులూ మూసుకున్న కంప్రెషన్ స్ట్రోక్‌లో పిస్టన్ పూర్తిగా ప్లగ్ వైపుకొచ్చాక, మరి కాస్త తిప్పి దాన్ని పావు అంగుళం లోపలికి జరపాలి. అక్కడైతే ఆ బొడిపె అడ్డురాదు. మాన్యువల్ ప్రకారం మా ఇంజిన్‌కి ఇన్‌టేక్ 3 నుంచి 5 థౌ, ఎగ్జాస్ట్ 5 నుంచి 7 థౌ ఉండాలి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. నాకు ఎగ్జాస్ట్ వైపు 14 థౌ ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకుల సెట్) రేకు ఆడుతూ పాడుతూ దూరిపోయింది.

రాకర్ నట్టు ఒక చేత్తో తిప్పుతూ, ఇంకో చేత్తో రేకు ముందుకీ వెనక్కీ జరుపుతూ కూర్చున్నాను. "కొత్త నోట్ల కట్టలోంచి ఒక్క నోటు లాగినప్పుడు ఎట్టా పట్టీపట్టనట్టు వస్తదో అట్టా రావాలి," అన్నాడు బావ. మధ్యలో స్క్రూ బిగిస్తుంటే నట్టు కూడా వెంట తిరిగిపోయి మూడుసార్లు మళ్ళీ మొదటికొచ్చింది. గంటన్నర పట్టింది. ఇప్పుడైతే ఇరవై నిమిషాలు. అన్నీ బిగించి తాళం తిప్పితే, అసలు ఏ అడ్డూ లేనట్టు గిర్రున తిరిగి అందుకుంది. ఫీలర్ గేజ్ ఖరీదు 6 డాలర్లు. ఏ లోపమూ లేని పాత సెల్ఫ్ మోటారు ఇప్పటికీ గ్యారేజీ అల్మారాలోంచి నన్ను చూస్తూ ఉంటుంది.

ఇక పెట్రోలు. ఈ బండితో వచ్చిన తలనొప్పుల్లో లెక్కకి ఎక్కువ ఇదే. ఇక్కడ బంకుల్లో మామూలుగా దొరికేది పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. కారుకి ఏం కాదు, వారానికోసారి ట్యాంకు ఖాళీ అవుతుంది కాబట్టి. నాలుగు నెలలు మూలన నిలబడే బండికి మాత్రం పడదు. ఇథనాల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. కార్బొరేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలు ఆవిరై జిగురులా తయారవుతుంది, సన్నటి జెట్ కన్నం పూడుకుపోతుంది. రెండేళ్లు వరసగా మార్చిలో ఇదే తంతు. కరెంటు తీగలోంచి ఒక్క రాగి పోచ తీసి జెట్‌లోకి పోనిచ్చి శుభ్రం చేసుకున్నాను. గిన్నె కింద పెట్రోలు దారి తెరిచే చిన్న సోలనాయిడ్ ఉంటుంది, తాళం ఆన్ చేయగానే ‘టిక్’ అనాలి. అనకపోతే కార్బొరేటర్ విప్పి లాభం లేదు, ముందు దాని సంగతి చూడండి.

దీనికి నేను చేసిన మార్పు అతి చవకైనది. ట్యాంకుకీ కార్బొరేటర్‌కీ మధ్య పైపు కోసి ఒక చిన్న వాల్వు బిగించాను, 5 డాలర్లు. నవంబరులో ఆఖరి కోత అయ్యాక వాల్వు కట్టేసి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడుపుతాను. కార్బొరేటర్ పొడిగా ఉంటుంది, ఇక ఆ జిగురు గోల లేదు. దాంతోపాటు ఇథనాల్ కలపని పెట్రోలు అమ్మే బంకు ఒకటి వెతుక్కున్నాను. ఇండియాలో ఇప్పుడు 20 శాతం దాకా కలుపుతున్నారు కాబట్టి, పవర్ స్ప్రేయరో బ్రష్ కట్టరో ఆరునెలలు పాకలో పడేసేవాళ్ళకి కూడా ఈ మాట పనికొస్తుంది.

2020లో ఇంకో విచిత్రం. కొత్త సీజన్ మొదలయ్యాక పావుగంట నడిపితే చాలు, కాలిన వెంట్రుకల వాసన. ఇంజిన్ పైన ఫ్యాన్ కవరు విప్పి చూద్దును కదా, చలికాలమంతా ఎలుకలు అందులో కాపురం పెట్టాయి. సీటు స్పాంజి, ఎండుగడ్డి, మా అమ్మాయి ఉన్ని చేతితొడుగు ఒకటి, అన్నీ కూలింగ్ రెక్కల మధ్య కూరి ఉన్నాయి. గాలితో చల్లబడే ఇంజిన్‌కి అది గొంతులో గుడ్డ కుక్కినట్టే. మరో నెల అలాగే నడిపి ఉంటే ఇంజిన్ పోయేదే. ఇప్పుడు ప్రతి మార్చిలో మొదట విప్పేది ఆ కవరే.

డెక్ సంగతికొస్తే, రెండు బ్లేడ్ల స్పిండిళ్లూ (బ్లేడు తిరిగే ఇరుసులు) ఒకసారి మార్చాను. పాతవాటిని పారేయకుండా విప్పి చూస్తే లోపల బేరింగ్ 6203, మన ఊళ్ళో మోటారు మెకానిక్కుల నోట వినే నంబరే. బేరింగులు విడిగా కొని వేస్తే మొత్తం స్పిండిల్ ఖరీదులో మూడో వంతు కూడా కాదు. డెక్‌ని నీళ్ళ పైపుతో కడిగే అలవాటు మానుకోండి, ఆ నీళ్ళు చేరేది బేరింగుల్లోకే. నేను పుట్టీ కత్తితో గీకుతాను. కిందికి చెయ్యి పెట్టేముందు ప్లగ్ వైరు పీకి పక్కన పెట్టడం, ఒక్క జాకీనే నమ్మకుండా కింద చెక్కదిమ్మలు పెట్టడం, ఈ రెండింట్లో మాత్రం బేరం లేదు. బెల్టు విషయంలో ఒకసారి కక్కుర్తి పడ్డాను. అదే పొడవు కదా అని మామూలు బెల్టు వేస్తే నెలకే తెగింది. అసలు కొలతకి చేసిన కెవ్లార్ దారం బెల్టు ఐదేళ్లు వచ్చింది.

నా ఘనకార్యం ఒకటి చెప్పకపోతే ఈ సమీక్ష అబద్ధమవుతుంది. మొదటిసారి బ్లేడ్లు పదును పెట్టి, మేకుకి తగిలించి రెండు వైపులా బరువు సమంగా ఉందో లేదో చూసి, తలకిందులుగా బిగించాను. రెక్కలా పైకి లేచిన అంచు డెక్ వైపు ఉండాలి, నేను నేల వైపు పెట్టాను. గంటసేపు స్థలమంతా తిరిగాను. గడ్డి తెగలేదు, పడుకుంది. మా ఆవిడ వరండాలోంచి చూసి, "ఇవాళ ఊరికే షికారా?" అంది.

సీటు కింద స్విచ్ ఉంటుంది. బ్లేడ్లు తిరుగుతుండగా మనిషి లేస్తే ఇంజిన్ ఆగిపోవాలని. అది తుప్పు పట్టి, గతుకు వచ్చినప్పుడల్లా బండి ఆగిపోయేది. రెండు వైర్లు కలిపేస్తే పోతుందని చాలామంది చెబుతారు. నేనూ కలిపాను, నాలుగు రోజులు. ఐదో రోజు బ్లేడ్లు తిరుగుతుండగానే కొమ్మ అడ్డం తీయడానికి దిగబోయి, ఒక కాలు నేల మీద పెట్టాక గుర్తొచ్చింది. సాయంత్రానికి 12 డాలర్ల కొత్త స్విచ్ వేశాను. ఆ వైరు ముక్క జోలికి మళ్ళీ పోలేదు.

మిగతా మార్పులు చిన్నవే. ముందు లైట్లకి ఎల్ఈడీ బల్బులు వేశాను, సాయంత్రం ఆలస్యమైనా పని ఆగదు. 2017లో అవర్ మీటరు పెట్టాను, ఇప్పుడు 310 గంటలు చూపిస్తోంది. వెనక ఇనప పట్టీ బోల్టు చేసి చిన్న ట్రాలీ తగిలిస్తాను, ఎండాకులకీ మట్టికీ. పాపం ఇది పొలం ట్రాక్టర్ కాదు, ట్రాలీ నిండా తడిమట్టి పోసి ఎత్తు ఎక్కించొద్దు, వెనక గేరుబాక్సు అంత బరువుకి చేసింది కాదు. బావ అడిగిన మొదటి ప్రశ్న "దున్నుతదా?" అని. దున్నదు.

బండికి నిజంగా బలహీనమైన చోటు స్టీరింగు. కింద పళ్ళ చక్రం సన్నటి రేకుతో చేసింది, పళ్ళు అరిగిపోతాయి. ఇప్పుడు స్టీరింగు పావు చుట్టు తిరిగాక గానీ చక్రాలకి కబురు అందదు. వాషర్లు వేసి రెండుసార్లు గడిపాను, మూడోసారి కుదరదు.

ఆయిలు, పెట్రోలు తీసేస్తే తొమ్మిదేళ్లలో పార్టులకి 640 డాలర్లయ్యాయి, పైన చెప్పిన 115తో కలిపి. ఏడాదికి ముప్పై కోతలు అనుకుంటే మనిషిని పెట్టినా కొత్తది కొన్నా ఇంతకంటే చాలా ఎక్కువే అయ్యేది. కానీ ఆ లెక్కలో నా శనివారాలు లేవు. రెండు కాన్పుల తర్వాత ఇంట్లో సాయం అవసరమైన రోజుల్లో నేను గ్యారేజీలో బోల్టు వెతుక్కుంటూ ఉన్నాను, ఆ మాట ఇప్పటికీ పడతాను. గడ్డి మాత్రం కోస్తే చాలు, మిగతా గొడవ వద్దనుకునేవాళ్ళు పాత బండి జోలికి రావద్దు. పక్కింటాయన నిరుడు బ్యాటరీ ట్రాక్టర్ కొన్నాడు. సాయంత్రం ప్లగ్గు పెడతాడు, పొద్దున కోస్తాడు. ఆయన్ని చూస్తే అసూయ లేదని చెప్పను.

ఈ సీజన్ మధ్యనుంచి స్టార్ట్ చేయగానే ఐదారు క్షణాలు నీలం పొగ వస్తోంది, తర్వాత తగ్గిపోతుంది. ఆయిలు కూడా నెలకి కొంచెం తగ్గుతోంది. ఈ రకం ఇంజిన్లలో హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్‌కీ దాని మూతకీ మధ్య ఉండే రేకు) లోపలి వైపు పట్టు వదిలేస్తే ఇలాగే ఉంటుందంటారు. వాల్వు గైడ్లు కూడా కావచ్చు. బావకి పొగ వీడియో పంపితే, "రంగు సరే, వాసనెట్టా తెలుస్తదయ్యా ఫోన్లో?" అన్నాడు. పార్టుల షాపులో డిపాజిట్ కట్టి లీక్‌డౌన్ టెస్టర్ (సిలిండర్‌లోకి గాలి పంపి ఎక్కడ కారుతోందో చూసే పరికరం) అరువు తెచ్చుకోవచ్చు, వచ్చే శనివారం తెస్తాను. గ్యాస్కెట్ ఇంకా కొనలేదు.