అంబాసిడర్‌కు రేడియల్ టైర్లు: ఏళ్ల తరబడి వాడాక

మా అంబాసిడర్ మార్క్ 4 ఇప్పటికీ రోడ్డెక్కే బండి. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లాలన్నా, ఊళ్లో పెళ్లికి వెళ్లాలన్నా అదే. అందుకే టైర్లు కొనేటప్పుడు నేను మొదట చూసేది వానలో బ్రేకు ఎలా పడుతుందని. అందం ఆ తర్వాతే.

దీనికి మొదటి నుంచీ ఉన్నవి 5.90-15 నైలాన్ టైర్లు. వాటితో చాలాకాలం నడిపాను. పొద్దున్నే బండి తీస్తే కాసేపు టక్ టక్‌మని కొట్టేది. కొందరు సస్పెన్షన్ పోయిందని కంగారుపడి మెకానిక్ దగ్గరికి వెళ్తారు. నిజానికి రాత్రంతా నేలకు ఆనిన చోట నైలాన్ టైరు చదునవుతుంది, కాస్త దూరం నడిచి వేడెక్కాక మళ్లీ గుండ్రంగా సర్దుకుంటుంది. దానికి నేను అలవాటు పడిపోయాను. పడలేనిది ఒక్కటే: లారీలు తొక్కితొక్కి గాడి పడిన రోడ్డు మీద బండి ఆ గాడి వెంటే లాగేది. ఇంటికి చేరేసరికి భుజాలు పట్టేసేవి.

చివరికి 165/80 R15 రేడియల్స్ వేయించాను. నైలాన్ టైరులో దారాల పొరలు ఏటవాలుగా ఒకదాని మీదుగా ఒకటి పోతాయి కాబట్టి పక్కలు వంగితే నేలను తాకే భాగం కూడా మెలికపడుతుంది. రేడియల్‌లో పక్కలు వంగినా లోపలి స్టీలు బెల్టు వల్ల నేలను తాకే రబ్బరు గుండీలు సాపుగా ఆని ఉంటాయి. తడి రోడ్డు మీద మొదటిసారి గట్టిగా బ్రేకు తొక్కినప్పుడే తేడా తెలిసింది. గాడి లాగుడు దాదాపు పోయింది. ఇన్నేళ్ల తర్వాత కూడా అరుగుదల సమానంగానే ఉంది.

ఇబ్బందులూ ఉన్నాయి. పవర్ స్టీరింగ్ లేని బండి కదా, పార్కింగ్‌లో తిప్పడం బాగా బరువెక్కింది. టైరు పాతదానికన్నా కాస్త పొట్టి, అందుకని స్పీడోమీటరు కొంచెం ఎక్కువ చూపిస్తుంది. బండితో వచ్చిన పాత పుస్తకంలో రాసిన గాలి నైలాన్ టైర్ల లెక్క. నాకు 30 పీఎస్‌ఐ దగ్గర కుదిరింది.

ట్యూబ్‌లెస్ వేయించమని చాలామంది చెప్పారు, నేను వినలేదు. గాలి తగ్గితే టైరు అంచు లోపలికి జారకుండా ఆపే గట్టు ఈ పాత చక్రాల డిస్కులకు ఉండదు. రేడియల్‌కని చేసిన ట్యూబే వేయించాను. వేసేముందు టైరు లోపల అంటించిన కాగితం స్టిక్కర్లు పీకించి, లోపలంతా చేత్తో తడిమి చూశాను. ఆ స్టిక్కరు అంచు రాసుకుంటూ ఉంటే చాలు, ట్యూబు చిల్లు పడుతుంది.

కొనేటప్పుడు తారీఖు మాత్రం తప్పకుండా చూడండి. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి: 3219 అంటే 2019లో 32వ వారం. ఈ సైజు రోజూ అమ్ముడుపోయేది కాదు, అందుకే షాపులో ఏళ్లకేళ్లు పడి ఉంటుంది. ఆటోనగర్‌లో ఒకచోట నాకు చూపించిన టైరుకు గుండీలు కొత్తగా నిగనిగలాడుతున్నాయి, పక్కన వేలితో నొక్కితే వెంట్రుకంత పగుళ్లు విచ్చుకున్నాయి. అక్కడే వదిలేసి వచ్చాను.

డబ్బు కలిసొస్తుందని ముందు రెండింటికే రేడియల్స్ వేయించుకోవద్దు. ముందు చక్రాలు రోడ్డును గట్టిగా పట్టుకుంటే, మలుపులో వెనక నైలాన్ టైర్లు జారి బండి తిరిగిపోతుంది. వేస్తే నాలుగూ ఒకేసారి వేయించాలి. పాత కార్ల ర్యాలీ రోజున తప్ప బయటికి తీయని బండికైతే నైలానే ఉంచండి, దానికి ఆ రూపమే బాగుంటుంది. నేను మాత్రం స్టెప్నీతో కలిపి ఐదూ రేడియల్సే కొన్నాను. ఇవి అరిగాక మళ్లీ ఇదే సైజు వేయిస్తాను.