పేపరు, మంత్లీ, పీఐబీ: గ్రూప్స్ కరెంట్ అఫైర్స్‌కు చాలాకాలం వాడాక

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల ఏ పుస్తకాల షాపుకెళ్లినా, ఏ జిరాక్సు షాపు ముందు నిలబడినా కరెంట్ అఫైర్స్ మంత్లీలు దొంతర్లుగా కనబడతాయి. ఏది కొనాలని కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్లు అడుగుతూనే ఉంటారు. ఒక తెలుగు దినపత్రిక, ఒక మంత్లీ, పీఐబీ (కేంద్ర ప్రభుత్వ పత్రికా ప్రకటనలు ఇచ్చే సంస్థ) సైటు, బిల్లుల కోసం పీఆర్‌ఎస్ (పార్లమెంటు బిల్లులను వివరించే సంస్థ), ఒక క్విజ్ యాప్... వీటిని పక్కపక్కన పెట్టుకుని చాలాకాలం వాడిన అనుభవంతో ఇది రాస్తున్నాను. మంత్లీ కొనండి, అది లేకుండా పని జరగదు. కానీ సరిచూడకుండా అందులోంచి ఒక్క అంకె కూడా నోట్సులోకి ఎక్కించొద్దు. ఎందుకో, ఎలాగో వివరంగా చెబుతాను.

ముందు మార్కుల లెక్క. 2024 ఫిబ్రవరి 25న జరిగిన ఏపీపీఎస్సీ (ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్) గ్రూప్-2 స్క్రీనింగ్‌లో 150కి 30 మార్కులు నేరుగా కరెంట్ అఫైర్స్‌వే. అదే ఏడాది మార్చి 17 నాటి గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్-2లో సైన్స్ అండ్ టెక్నాలజీతో కలిపి 60. రెండింట్లోనూ తప్పు జవాబుకు మూడో వంతు కోత. యూపీఎస్సీ ప్రిలిమ్స్‌లో దీనికి విడిగా వాటా లేదు. జనరల్ స్టడీస్ 100 ప్రశ్నల్లో పాలిటీ, ఎకానమీ, పర్యావరణం మాటున వస్తుంది. అక్కడ ఒక్కో తప్పుకు 0.66 మార్కు పోతుంది. సగం గుర్తున్న అంకె అసలు గుర్తులేని అంకె కంటే ప్రమాదం, ఎందుకంటే ధైర్యంగా బబ్లింగ్ చేసేస్తాం.

దినపత్రిక సంగతి త్వరగా ముగిస్తాను. తెలుగు పేపరు ఏదైనా ఫరవాలేదు, కానీ ఒకటే పెట్టుకోండి. మొదటి పేజీ, జాతీయం, బిజినెస్, ఎడిటోరియల్ పేజీ కలిపి 45 నిమిషాలు చాలు. పార్టీల ప్రకటనలు, ప్రతిప్రకటనలు మొత్తం వదిలేయొచ్చు. ఎడిటోరియల్‌ను ప్రిలిమ్స్ కోసం చదవాల్సిన పనిలేదు. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే 150 మార్కుల పేపరు కాబట్టి దానికోసం వారానికి రెండు కత్తిరించి పెట్టుకుంటే సరిపోతుంది. జిల్లా పేజీలను మాత్రం తీసిపారేయొద్దు. శ్రీహరికోట, పులికాట్, శ్రీసిటీ, శేషాచలం, ఎర్రచందనం అన్నీ మన తిరుపతి జిల్లాకు సంబంధించినవే. 2022 ఏప్రిల్ 4న జిల్లా ఏర్పడినప్పుడు షార్ (శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం), పులికాట్ ఇటు వచ్చాయి. పాత మెటీరియల్‌లో అవి నెల్లూరు జిల్లా కిందే ఉంటాయి.

ఇక మంత్లీ. దీని బలం ఒక్కటే, కానీ చాలా పెద్దది: నెల మొత్తాన్ని అంశాలవారీగా ఒకచోట పేరుస్తుంది. నియామకాలు, అవార్డులు, క్రీడలు, దినోత్సవాల్లాంటి వాటికి పేపరు మీద సమయం పెట్టడం దండగ, మంత్లీలో ఒక గంట పని. వచ్చిన చిక్కల్లా మిగతా భాగంలోనే. అదే తరహా తప్పులు ఎన్ని నెలలు చూసినా, ఏ ప్రచురణ చూసినా మళ్లీ మళ్లీ కనబడతాయి.

మొదటిది, బిల్లు నంబరును చట్టం నంబరుగా రాయడం. మహిళా రిజర్వేషన్ 128వ రాజ్యాంగ సవరణ బిల్లు. 2023 సెప్టెంబర్ 20న లోక్‌సభలో, 21న రాజ్యసభలో నెగ్గింది. సెప్టెంబర్ 28న రాష్ట్రపతి ఆమోదం పొంది 106వ సవరణ చట్టమైంది. జీఎస్టీ 122వ బిల్లు, 101వ సవరణ. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల) కోటా 124వ బిల్లు, 103వ సవరణ. బిల్లు సభలో నెగ్గిన నెల మంత్లీలో బిల్లు నంబరే ఉంటుంది, అది వాళ్ల తప్పు కూడా కాదు. ఆమోదం వచ్చిన నెలలో దాన్ని మళ్లీ పట్టించుకోరు, చదివేవాడి బుర్రలో 128 అలాగే ఉండిపోతుంది. ఆప్షన్లలో రెండు నంబర్లూ ఇస్తే దొరికిపోతాం.

రెండోది, మారిపోయే అంచనాలు. 2023-24 జీడీపీ వృద్ధి రేటునే చూడండి. 2024 జనవరి మొదటి ముందస్తు అంచనా 7.3 శాతం, ఫిబ్రవరి చివర్లో రెండో అంచనా 7.6, మే 31న తాత్కాలిక అంచనా 8.2, 2025 ఫిబ్రవరిలో సవరించాక 9.2. నాలుగు మంత్లీల్లో నాలుగు అంకెలు, దేనికదే సరైనదే. పక్కన ఏ అంచనానో రాసుకోకపోతే నాలుగూ పనికిరావు. మన దేశంలోని రామ్‌సర్ (అంతర్జాతీయ ప్రాధాన్యమున్నవిగా గుర్తించిన) చిత్తడి నేలల లెక్కా అంతే: 2022 ఆగస్టులో 75, 2024 జనవరి చివరికి 80, ఆగస్టుకు 85, 2025 ఫిబ్రవరికి 89, జూన్‌కు 91. అందుకే ఇలాంటి అంకెను పెన్సిల్‌తో, తేదీతో రాయాలి. ఈ అంకెల గొడవలో పడి అసలు అడిగేది మర్చిపోవద్దు. ఆంధ్రప్రదేశ్ నుంచి 2002లో జాబితాకెక్కింది కొల్లేరు. పులికాట్ ఎంత పెద్ద సరస్సయినా, ఫ్లెమింగోలు ఎన్ని వాలినా రామ్‌సర్ జాబితాలో లేదు. మన జిల్లాది కదా అని ఇక్కడివాళ్లే ఎక్కువగా పొరబడే ప్రశ్న ఇది.

మూడోది, నివేదిక సంవత్సరం వేరు, డేటా సంవత్సరం వేరు. 2023-24 మానవాభివృద్ధి నివేదికలో భారత్ ర్యాంకు 134, ఆ డేటా 2022ది. 2025 నివేదికలో 130, డేటా 2023ది. మంత్లీలో ‘హెచ్‌డీఐ ర్యాంకు 130’ అని ఒకే ముక్క ఉంటుంది. సూచీలన్నిటికీ ఒకే ఏ4 కాగితం తీసుకుని నివేదిక పేరు, ఇచ్చేది ఎవరు, నివేదిక సంవత్సరం, డేటా సంవత్సరం, భారత్ ర్యాంకు, కొలిచే అంశాలు అని ఆరు గడులు గీయండి. ‘ఇచ్చేది ఎవరు’ అన్న గడిలోంచే ప్రశ్నలు ఎక్కువ పడతాయి.

నాలుగోది, అన్నిటికంటే బాధపెట్టేది: వార్త తర్వాతి కథ ఉండదు. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15 వెళ్లింది, అక్కడినుంచి అది 100వ ప్రయోగం. రాకెట్ తన పని పూర్తిగా చేసింది, మంత్లీలన్నీ ‘విజయవంతం’ అనే రాశాయి. ఆ తర్వాతి రోజుల్లో, అది మోసుకెళ్లిన ఎన్‌వీఎస్-02 నావిగేషన్ ఉపగ్రహం ఇంజిన్‌కు ఆక్సిడైజర్ అందించే వాల్వులు తెరుచుకోక కక్ష్య పెంచలేకపోయారు. ప్రయోగం విజయవంతం, ఉపగ్రహం అనుకున్న కక్ష్యకు చేరలేదు: ఈ రెండు వాక్యాలూ నిజమే. ‘కింది వాక్యాల్లో సరైనవి ఏవి’ అనే ప్రశ్న తయారుచేసేవారికి ఇంతకన్నా ఏం కావాలి? రెండు ఉపగ్రహాలను అంతరిక్షంలో కలిపే (డాకింగ్) స్పేడెక్స్ ప్రయోగం కూడా అలాంటిదే. 2024 డిసెంబర్ 30న పీఎస్‌ఎల్‌వీ-సీ60 మీద వెళ్లింది, డాకింగ్ జరిగింది 2025 జనవరి 16న. రెండు తేదీలు, రెండు వేర్వేరు నెలల మంత్లీలు. అందుకే నోట్సులో ప్రతి అంశం కింద నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ వదలాలి.

ఈ నాలుగింటికీ మందు పీఐబీ. రోజూ చూడొద్దు, మునిగిపోతారు. వారానికోసారి, ఆదివారం ఒక గంట కేటాయించండి. తేదీ, మంత్రిత్వశాఖ ఎంచుకునే వీలుంది కాబట్టి కేబినెట్, ఆర్థిక, పర్యావరణ, అంతరిక్ష, గ్రామీణాభివృద్ధి, సామాజిక న్యాయం వరకే చూడండి. మంత్లీలో టిక్కు పెట్టుకున్న అంశాలనే వెతకాలి, కొత్తవి ఏరుకుంటూ పోకూడదు. ఒక పథకం మీద వచ్చిన ప్రెస్ రిలీజులోంచి తీయాల్సినవి ఇవి: ఏ శాఖ, కేంద్ర రంగ పథకమా (ఖర్చంతా కేంద్రానిదే) కేంద్ర ప్రాయోజిత పథకమా (రాష్ట్రాలూ ఖర్చు పంచుకునేది), కాలం, మొత్తం ఖర్చు, లబ్ధిదారు ఎవరు, ఒకరికి దక్కేది ఎంత. పీఎం విశ్వకర్మ తీసుకుంటే: ఎంఎస్‌ఎంఈ శాఖ, కేంద్ర రంగ పథకం, 2023-24 నుంచి 2027-28 వరకు, 13,000 కోట్లు, 18 వృత్తులు, మొదటి విడత లక్ష, రెండో విడత 2 లక్షల రుణం, 5 శాతం వడ్డీ, ప్రారంభం 2023 సెప్టెంబర్ 17. ఇంతకుమించి ఒక్క ముక్క రాయక్కర్లేదు. తెలుగులోనూ రిలీజులు ఉంటాయి. తెలుగు మీడియంలో మెయిన్స్ రాసేవాళ్లు ఒకే రిలీజును రెండు భాషల్లో పక్కపక్కన చూస్తే పరిభాష పట్టుబడుతుంది. డిసెంబర్ చివర్లో శాఖలవారీగా వచ్చే ఏడాది సమీక్షలు బంగారం. ఆరేడు శాఖలవి ప్రింటు తీసి పెట్టుకుంటే ఏడాది మొత్తం పథకాల పునశ్చరణ అయిపోతుంది. పీఐబీ ప్రభుత్వం మాట, విమర్శ దాంట్లో వెతకొద్దు. దానికి పేపరు ఎడిటోరియల్ ఉంది. బిల్లులో ఏముందో, ఏ అంశం మీద అభ్యంతరాలొచ్చాయో కావాలంటే పీఆర్‌ఎస్ సారాంశం ఒకటి రెండు పేజీల్లో ఇస్తుంది. ఇంగ్లిష్ తేలికైనదే, ఓపిగ్గా చదవొచ్చు.

ఇప్పుడు నోట్సు. స్పైరల్ పుస్తకం వాడొద్దు, మధ్యలో కాగితం చేర్చలేం. విడి ఏ4 కాగితాలు, రెండు రంధ్రాల పంచ్, ఒక ఫైలు. తేదీలవారీగా కాదు, సిలబస్ శీర్షికలవారీగా పెట్టాలి. ఒక నెలకు 12 నుంచి 14 కాగితాలు, ఒకవైపే రాయాలి. 30 కాగితాలైతే రివిజన్ జరగదు, ఫైలు అటకెక్కుతుంది.

ఒక కాగితం ఎలా ఉంటుందో చూపిస్తాను. వార్త: కండలేరు నుంచి చెన్నై తాగునీటికి విడుదల. జిల్లా పేజీలో చిన్న కాలమ్‌గా వస్తుంది, మంత్లీల్లో ఎక్కువగా కనబడదు. కాగితం పైన శీర్షిక ‘జాగ్రఫీ: సాగునీరు, అంతర్రాష్ట్ర ఒప్పందాలు’. మొదటి వరుసలో తేదీ, వార్త ఒకే వాక్యం. దాని కింద దారి: శ్రీశైలం జలాశయం, పోతిరెడ్డిపాడు, వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు, పూండి. తర్వాత ఒప్పందం: తెలుగుగంగ, 1983, మొత్తం 15 టీఎంసీలు, మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5, దారిలో ఆవిరి నష్టం 3 పోను తమిళనాడు సరిహద్దు దగ్గర ఇవ్వాల్సింది 12. కుడి అంచులో ఎర్ర ఇంకుతో రాగల ప్రశ్న: జలాశయాలను పైనుంచి కిందికి వరుసలో పెట్టండి, సోమశిల ఏ నది మీద? (పెన్నా.) కింద నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ. మళ్లీ ఎప్పుడైనా ఈ నీళ్ల మీద రాష్ట్రాల మధ్య చర్చ జరిగితే అక్కడే రాస్తాం. ఇలా వార్తను పాఠం మీదికి ఎక్కించినప్పుడే అది పరీక్షలో పనికొస్తుంది. ఎంత నీరు వదిలారు, ఏ మంత్రి పూజ చేశారు అన్నవి అక్కర్లేదు.

యాప్‌లు, టెలిగ్రామ్ పీడీఎఫ్‌ల గురించి నా అభిప్రాయం కఠినంగానే ఉంటుంది. రోజూ ఇరవై పేజీల పీడీఎఫ్ ఫోన్లోకి వచ్చిపడుతుంటే చదివామన్న తృప్తి మిగులుతుంది, తలలోకి ఏదీ ఎక్కదు. పైగా ఒకరి దాంట్లోంచి ఇంకొకరు ఎత్తి రాస్తారు, కాబట్టి మూడు ఛానెళ్లలో ఒకే అంకె కనబడినా అది నిర్ధారణ కాదు. క్విజ్ మాత్రం మంచిదే. వారం చివర 25 ప్రశ్నలు టైమర్ పెట్టి చేసి, తప్పుపోయిన వాటిని ఫైలులో ఆ కాగితం మీదే గుర్తుపెట్టండి. ఒకే కాగితం మీద మూడు గుర్తులు పడితే ఆ అంశాన్ని మళ్లీ మొదటినుంచి చదవాలి.

ఆకాశవాణి తెలుగు వార్తలు బస్సులో పోతూ వినడానికి బాగుంటాయి, అంతే. కేంద్ర ప్రభుత్వ మాసపత్రిక యోజన తెలుగు సంచిక ప్రతి నెలా కొనక్కర్లేదు. గ్రూప్-1 మెయిన్స్‌కు పనికొచ్చే అంశం మీద వచ్చినప్పుడు తీసుకుంటే చాలు.

ఎన్ని నెలలు చదవాలి? పరీక్ష తేదీకి వెనక్కి 12 నెలలు క్షుణ్ణంగా, దానికి ముందు ఆరు నెలల్లోంచి చట్టాలు, సూచీలు, అంతరిక్షం, పర్యావరణం మాత్రమే. చివరి మూడు, నాలుగు వారాల వార్తల కోసం ఆరాటపడి పాతవి వదిలేయడం నష్టం. ప్రశ్నపత్రం అంతకుముందే తయారై ఉంటుంది. ఒక్కో నెల కాగితాలు మూడుసార్లు తిరగాలి: వారం చివర ఆ వారంవి, నెల చివర మొత్తం, పరీక్షకు ముందు 15 రోజుల్లో ఏడాదివి. 12 నెలలకు సుమారు 150 కాగితాలు, రోజుకు పది చొప్పున సరిపోతాయి.

తెలుగు మీడియంలో యూపీఎస్సీకి చదివేవాళ్లకు ఒక మాట. మెయిన్స్ తెలుగులో రాయొచ్చు గానీ ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. కాబట్టి ప్రతి కాగితం మీద పథకం పేరు, సంస్థ పేరు, సాంకేతిక పదం ఇంగ్లిష్‌లో కూడా స్పెల్లింగుతో సహా రాసిపెట్టుకోండి. చిత్తడి నేల అని తెలుగులో ఎంత బాగా వచ్చినా, పరీక్షలో కళ్లముందు కనబడేది వెట్‌ల్యాండ్ అనే మాట. ఫైలులో ఎడమ అంచు ఒక అంగుళం దానికే వదిలేయండి, పంచ్ రంధ్రాలు ఆ అక్షరాల మీద పడకుండా చూసుకోండి.