వైజాగ్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఓడలో: సముద్రం మీద నెట్ ఎంత దొరుకుతుంది, ఎంతకి దొరుకుతుంది

ఓడ డాల్ఫిన్స్ నోస్ దాటిన గంటన్నరకి ఫోన్లో చివరి గీత కూడా పోయింది. అప్పటిదాకా రెయిలింగ్ పట్టుకుని వీడియో కాల్‌లో కొండమీద లైట్‌హౌస్ చూపిస్తున్న వాళ్లంతా ఒక్కొక్కరే ఫోన్లు జేబుల్లో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. ఇక సుమారు 56 గంటలు, అవతలి ఒడ్డు దగ్గరపడేదాకా, ఇంటితో మాటల్లేవు. ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని మార్చారు కానీ ఓడలోనూ మా చిన్నాన్న ఇంట్లోనూ అందరూ పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నారు, నేనూ అలాగే రాస్తున్నాను.

చిన్నాన్న వాళ్లది టెక్కలి దగ్గర పల్లె, పనికోసం అక్కడికి వెళ్లి అక్కడే ఉండిపోయారు. ఉత్తరాంధ్ర నుంచి అలా వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అండమాన్‌లో చాలా ఉన్నాయి. ఆయన కూతురి పెళ్లికి సామాను ఎక్కువ కావడంతో విమానం మానుకుని ఓడ ఎక్కాం. బంక్ టికెట్‌కీ డీలక్స్ కేబిన్‌కీ మూడు నాలుగు రెట్లు తేడా ఉంటుంది, మేము మధ్యలో నలుగురు పడుకునే కేబిన్ తీసుకున్నాం. పక్కలు శుభ్రంగా ఉన్నాయి, తిండి ఫర్వాలేదు, బాత్రూమ్ రెండో రోజుకి పాడైంది. నా లెక్కలో కేబిన్‌కి పెట్టిన డబ్బుకి దక్కిన అసలు సుఖం ప్లగ్ పాయింట్. బంక్ హాల్లో ఛార్జింగ్ కోసం మనుషులు వంతులు వేసుకుని నిలబడ్డారు, అటు వెళ్లేవాళ్లు పెద్ద పవర్ బ్యాంక్ తప్పకుండా పెట్టుకోండి.

మా ప్రయాణంలో ప్రయాణికులకి వైఫై లేదు. డబ్బిస్తామన్నా లేదు. ఓడ నడిపేవాళ్ల దగ్గర శాటిలైట్ ఫోన్ ఉంటుంది కానీ అది ఓడ పనికీ, ప్రాణం మీదకి వచ్చినప్పుడూ వాడేది.

మొదటి రాత్రే బంక్ హాల్లో సోంపేట పెద్దమ్మ ఒకావిడ పరిచయమైంది. కొడుకు దగ్గరికి వెళ్తోంది. కూతురు వైజాగ్‌లో ఆసుపత్రిలో ఉంది, నెలలు నిండాయి, టికెట్ మార్చుకుంటే మళ్లీ ఓడ ఎప్పుడో అని అల్లుడే బలవంతంగా ఎక్కించాడట. చీర కొంగులో చుట్టిన కీప్యాడ్ ఫోన్ తీసి, "బాబూ, సిగ్నల్ వచ్చిందేమో చూడు" అని పొద్దున ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి, దీపాలు పెట్టాక ఒకసారి నా చేతికిచ్చేది. రాదని తెలిసి కూడా నేను ప్రతిసారీ తీసుకుని చూశాను.

ఎందుకు రాదంటే, మన సెల్ టవర్లు నేలమీద జనం కోసం పెట్టినవి, తీరం నుంచి పాతిక ముప్పై కిలోమీటర్లు దాటితే వాటి మీద ఆశ పెట్టుకోలేం. అక్కడినుంచి దిక్కు శాటిలైటే. ఓడల మీద తెల్లటి గుమ్మటాల్లాంటివి కనిపిస్తాయి కదా, వాటి లోపల డిష్ ఉంటుంది, ఓడ ఎటు ఊగినా అది శాటిలైట్ వైపే తిరిగి ఉంటుంది. పాతరకం శాటిలైట్లు దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి, మన మాట పైకెళ్లి కిందకొచ్చి జవాబు తిరిగొచ్చేసరికి అర సెకను దాటిపోతుంది. ఆ కాస్త దారినే ఓడలోని వందల మంది పంచుకోవాలి, అందుకే నెమ్మది, అందుకే ఖరీదు.

ఆ ఖరీదు ఎలా ఉంటుందో నాకు ముందే తెలుసు. కొన్నేళ్ల కిందట సింగపూర్ నుంచి ఒక క్రూజ్ ఎక్కాం, కంపెనీ పేరు వద్దు. ఓడలో వాళ్లదే చిన్న మొబైల్ టవర్ ఉంటుంది, ఒడ్డుకి దూరంగా వెళ్లగానే దాన్ని ఆన్ చేస్తారు. మా ఆవిడ ఫోన్ తనంతట తాను దానికి తగులుకుని, రాత్రంతా ఫొటోలు బ్యాకప్ చేసుకుంటూ కూర్చుంది. మేము కొన్న రోమింగ్ ప్యాక్ ఆ దేశానికే, ఓడకి కాదు. ఇంటికొచ్చాక బిల్లు మూడు వేల పైచిలుకు. తప్పు మాదేనన్నారు, ప్యాక్ అమ్మినప్పుడు మాత్రం ఆ ఒక్క ముక్క చెప్పలేదు. అందుకే చెప్తున్నాను, క్రూజ్ ఎక్కితే రేవు దాటకముందే ఫ్లయిట్ మోడ్ పెట్టండి, తర్వాత వైఫై ఒక్కటే ఆన్ చేసుకోండి. రోమింగ్ ప్యాక్ కొనేటప్పుడు "ఓడ మీద పనిచేస్తుందా" అని సూటిగా అడగండి.

అదే ఓడలో డబ్బుపెట్టి వైఫై కూడా కొన్నాం, అది నిమిషాల లెక్క. పని అయ్యాక లాగవుట్ చేయకపోతే ఫోన్ జేబులో ఉన్నా నిమిషాలు కరిగిపోతాయి. రెండోరోజుకి దారి తెలిసింది: మెసేజ్ ముందే టైపు చేసి పెట్టుకోవడం, లాగిన్ అవడం, పంపడం, వచ్చినవి దించుకోవడం, లాగవుట్. వాట్సాప్‌లో ఫొటోలూ వీడియోలూ వాటంతటవే దిగకుండా ఆపేయాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఆ వైఫైని మీటర్డ్, అంటే లెక్కగా వాడాల్సిన నెట్, అని పెడితే యాప్‌ల అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి. మనిషికో ప్యాక్ వద్దు, ఇంటికొకటి చాలు. మెసేజ్‌లకి మాత్రమే పనికొచ్చే చిన్న ప్యాక్ ఉంటే అదే తీసుకోండి, వీడియోల ప్యాక్ సముద్రం మీద దండగ.

ఇంకో మాట, చాలా ముఖ్యమైనది. కొంతమంది ఇంటర్నెట్‌లో చూసి శాటిలైట్ ఫోన్ కొనుక్కొస్తే సరిపోతుంది కదా అంటారు. థురాయా, ఇరీడియం ఫోన్లు మన దేశంలో అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరం. విదేశీ పర్యాటకులు తెలియక తెచ్చి విమానాశ్రయాల్లో పట్టుబడ్డారు. వాటి జోలికి వెళ్లకండి.

మా బావమరిది సరుకు ఓడల్లో మోటర్‌మ్యాన్, అంటే ఇంజన్ గదిలో పని. ఒకప్పుడు వాళ్లకి నెలకి ఇన్ని ఎంబీలని కార్డు ఇచ్చేవాళ్లట, పిల్లాడి ఫొటో ఒకటి దిగితే సంబరం. ఇప్పుడు వాడి ఓడలో స్టార్‌లింక్ అనే కొత్తరకం శాటిలైట్ నెట్ ఉంది, పసిఫిక్ మధ్యనుంచి వీడియో కాల్ చేస్తాడు. ఆ శాటిలైట్లు సుమారు 500 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి మాటకి మాట వెంటనే అందుతుంది. 2022 జూలైలో ఓడల సర్వీసు మొదలుపెట్టినప్పుడు నెలకి 5,000 డాలర్లు అన్నారు, మరుసటి ఏడాదికే 50 జీబీకి 250 డాలర్ల ప్లాన్ వచ్చింది. పైగా ఓడల్లో పనిచేసేవాళ్లకి ఇంటితో మాట్లాడే సౌకర్యం ఇవ్వాలని, డబ్బు తీసుకుంటే సబబైన ధరే ఉండాలని అంతర్జాతీయ నౌకా కార్మిక ఒప్పందంలో చేర్చారు, అది 2024 డిసెంబరు 23 నుంచి అమల్లో ఉంది. మన సముద్రంలో ఓడలకి నెట్ ఇచ్చే నియమాలు 2018 డిసెంబరులోనే వచ్చాయి, స్టార్‌లింక్‌కి మన ప్రభుత్వం లైసెన్సు 2025 జూన్‌లో ఇచ్చింది. దారులు తెరుచుకుంటున్నాయి. బంక్ హాల్లో ప్రయాణించే వాళ్లకి సినిమాలు చూసేంత నెట్ అక్కర్లేదు, రోజుకి నాలుగు మెసేజ్‌లు పంపుకునే వీలు పాతిక రూపాయలకో యాభైకో ఇస్తే చాలు. ఇది నా గట్టి కోరిక.

మూడో రోజు, ఇంకా నేల సరిగ్గా కనిపించకముందే, డెక్ మీద ఎవరిదో ఫోన్ టింగుమంది. ఆ వెంటనే అన్నీ మోగడం మొదలుపెట్టాయి. పెద్దమ్మని వెతుక్కుంటూ కిందకి దిగాను, ఆవిడే మెట్లెక్కుతూ ఎదురొచ్చింది, ఫోన్ ముందుకి చాపి. ఎనిమిది మిస్డ్ కాల్స్ తర్వాత అల్లుడి మెసేజ్, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: పాప పుట్టింది, ఇద్దరూ బాగున్నారు. ఓడ బయల్దేరిన రాత్రి 11:40కి పంపాడు. ఆవిడ రెండున్నర రోజులు ఊరికే భయపడింది. "ఇంకోపాలి చదువు బాబూ" అంది. చదివాను.

హేడో జెట్టీలో దిగాక మాకు అబర్డీన్ బజార్ దగ్గర లాడ్జి. ఫ్రీ వైఫై అని రాసిపెట్టారు కానీ రిసెప్షన్ దగ్గర తప్ప రాదు, గది మాత్రం గాలీ వెలుతురూ బాగున్నాయి. మన ఆంధ్రా సిమ్‌లు అక్కడ పనిచేస్తాయి, కొత్తవి కొనక్కర్లేదు. హేవ్‌లాక్ దీవిలో ఒక రాత్రి ఉన్నాం, అక్కడ రిసార్టు వైఫై కంటే మా సిమ్ నయం. రెండు కంపెనీల సిమ్‌లు పెట్టుకుని వెళ్లండి, దూరపు దీవులకైతే వాటిలో ఒకటి బీఎస్ఎన్ఎల్ ఉండటం మంచిది. ఇదంతా చెన్నై నుంచి సముద్రం అడుగున దాదాపు 2,300 కిలోమీటర్లు వేసిన కేబుల్ పుణ్యం. 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. అంతకుముందు ఇక్కడ కూడా శాటిలైట్ మీదే నడిచేది, ఫొటో పంపాలంటే అర్ధరాత్రి దాకా మేలుకునేవాళ్లమని చిన్నాన్న చెప్పాడు.

పెళ్లి ముందురోజు పూలకోసం బజారుకెళ్తే పెద్దమ్మ కనబడింది, కొడుకుతో. అరటిపళ్ల బండి పక్కన నిలబడి, కొడుకు ఫోన్‌ని చెయ్యంత దూరంలో పట్టుకుని వీడియో కాల్ చూస్తోంది. బొమ్మ ఎక్కడా ఆగలేదు. నన్ను చూడగానే ఫోన్ నావైపు తిప్పి, "చూడు బాబూ, ముక్కు మా పిల్లదే" అంది.