జాగ్రత్త: అంకె వేసి వివరం రాయని అండాశయ స్కాన్ రిపోర్టుతో మోసపోకండి

అండాశయంలో గడ్డ ఉందన్న అనుమానంతో స్కాన్‌కు వెళ్తున్నవారు దయచేసి ఇది చదివి వెళ్ళండి. పేరున్న ఒక స్కానింగ్ సెంటరు, ఓ-రాడ్స్ (అండాశయ గడ్డ క్యాన్సర్ అయ్యే ముప్పును 0 నుంచి 5 వరకు అంకెలతో చెప్పే పద్ధతి) ప్రకారం రిపోర్టు ఇస్తామని చెప్పి అదనంగా డబ్బు కట్టించుకుని, మా చెల్లెలికి "కాంప్లెక్స్ సిస్ట్ (నీరు మాత్రమే కాక ఇంకేదో కూడా కనిపించే తిత్తి), ఓ-రాడ్స్ 4" అని ఒకే ఒక్క వాక్యం రాసి ఇచ్చింది.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ ఆధ్వర్యంలో తయారై 2020లో వెలువడిన ఈ వర్గీకరణలో 2 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 1 శాతం కంటే తక్కువ, 4 అంటే 10 నుంచి 50 శాతం లోపు. ఆ తేడా తెలిసిన మనిషికి ఆ అంకె చూడగానే గుండె ఆగినంత పనవుతుంది. గడ్డలో ఘనభాగం ఉందా, కలర్ స్కోరు (గడ్డలో రక్తప్రసరణ ఎంత ఉందో చెప్పే అంకె) ఎంత అని నేను అడిగితే, సంతకం పెట్టిన డాక్టరు తల కూడా ఎత్తకుండా "నాలుగని రాశాం కదమ్మా, మిగతావన్నీ మీకెందుకు?" అన్నారు. చెల్లెలు పక్కనే నిలబడి వింటోంది. "ఆలస్యం చేస్తే మీ ఇష్టం, ఈరోజే సీటీ, సీఏ-125 రక్తపరీక్ష చేయించుకోండి" అని ఆయన వేలు చూపిన కౌంటరులో ఆ రెండింటి బిల్లు అప్పటికే తీసి సిద్ధంగా ఉంచారు. భయపడిన మనిషి చేత డబ్బు కట్టించడానికి ఇంతకంటే నీచమైన పద్ధతి ఉంటుందా? సీఏ-125 నెలసరి సమయంలోనూ, ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) ఉన్నా పెరగవచ్చన్న మాట ఒక్కరూ చెప్పలేదు.

అసలు వాళ్ళు చేసింది పొట్ట మీద నుంచి చూసే స్కాన్ మాత్రమే. రక్తప్రసరణను చూపే డాప్లర్ పెట్టనే లేదు. పరీక్ష అసంపూర్తిగా ఉంటే వేయడానికి ఇదే పద్ధతిలో 0 అనే వర్గం ఉంది. అది వేసి, మళ్ళీ చూడాలని చెప్పి ఉంటే సరిపోయేది.

తర్వాత వేరేచోట అనుభవమున్న నిపుణురాలు ట్రాన్స్‌వజైనల్ (యోని ద్వారా చేసే) స్కాన్ చేసి, గడ్డ లోపల సాలెగూడు లాంటి సన్నని గీతలను మాకు తెర మీద చూపించారు. డాప్లర్‌లో లోపల రక్తప్రసరణ ఎక్కడా కనిపించలేదు. అది రక్తం చేరిన మామూలు సిస్ట్, ఓ-రాడ్స్ 2 అని తేలింది. గడ్డ 5 సెంటీమీటర్లు దాటింది కాబట్టి రెండు మూడు నెలల తర్వాత మళ్ళీ చూస్తే చాలన్నారు. మొదటి సెంటరు వాళ్ళు డబ్బు తిరిగి ఇవ్వలేదు, రిపోర్టు సరిదిద్దనూ లేదు.

డబ్బు కట్టే ముందే ట్రాన్స్‌వజైనల్, డాప్లర్ రెండూ చేస్తారో లేదో అడగండి. గడ్డ కొలతలు, లోపలి గోడలు, ఘనభాగం, కలర్ స్కోరు రిపోర్టులో రాయించుకోండి. సరిగా చూసి వేసిన 4ను మాత్రం తేలికగా తీసుకోవద్దు; దానికి ఎంఆర్‌ఐ, స్త్రీల క్యాన్సర్ నిపుణుల సలహా అవసరమవుతాయి.