పిల్లలకి స్పీచ్ థెరపీ: ఆన్‌లైన్‌లోనా, ఎదురుగానా? రెండూ వాడాక నా రివ్యూ

ఎవరైనా నన్ను ఈ ప్రశ్న అడిగితే ముందు నేనే ఒకటి అడుగుతున్నాను. మీ పిల్ల నోట్లోంచి ఆ శబ్దం ఎప్పుడైనా ఒక్కసారైనా సరిగ్గా వచ్చిందా? అసలు రానే రాలేదంటే ముందు ఎదురుగా కూర్చోబెట్టి నేర్పే చోటికి తీసుకెళ్ళండి. వస్తోంది కానీ మాటల్లో నిలవడం లేదంటే ఆన్‌లైన్ హాయిగా సరిపోతుంది, నిజానికి మా ఇంట్లో ఆ దశలో క్లినిక్ కంటే అదే బాగా పనిచేసింది. మా పాప రెండో తరగతి, మా అక్క కొడుకు ఏడో తరగతి. పాపకి కొన్ని శబ్దాలు పలకవు, వాడికి నత్తి. ఇద్దరూ రెండు రకాల థెరపీ చూశారు కాబట్టి ఇద్దరి సంగతీ కలిపి రాస్తున్నాను.

పాప సమస్య ‘క’. కాకి అనమంటే తాతి, కుక్క అంటే తుత్త. నాలుక వెనక భాగం లేవాల్సిన చోట కొస లేచి పళ్ళకి తగులుతుంది, అందుకే ‘త’ వస్తుంది. చిన్నపిల్లల్లో ఇది మామూలే, చాలామందికి బడికి వెళ్ళే వయసుకల్లా దానంతటదే పోతుంది, మా దానికి పోలేదు. మొదలుపెట్టే ముందు చెవులు సరిగ్గా వినిపిస్తున్నాయో లేదో పరీక్ష చేయించుకు రమ్మన్నారు. చేయించాం, బాగానే ఉన్నాయి. ఈ పరీక్ష ఊసే ఎత్తకుండా ఫీజు గురించి మాట్లాడేవాళ్ళ దగ్గర ఆగకండి.

క్లినిక్‌లో ‘క’ ఎలా రప్పించారో చెప్తాను, ఎందుకంటే తేడా అంతా అక్కడే ఉంది. ముందు పాపని వెల్లకిలా పడుకోబెట్టారు. అలా పడుకుంటే నాలుక దాని బరువుకి అదే కాస్త వెనక్కి జారుతుందట. ఆ పొజిషన్‌లో నీళ్ళు లేకుండానే పుక్కిలిస్తున్నట్టు గొంతులో గరగరమనిపించారు. తర్వాత లేపి, డాక్టర్లు గొంతు చూడటానికి వాడే చెక్కపుల్లతో నాలుక కొసని కింది పళ్ళ వెనక మెల్లగా నొక్కి పట్టి, “ఇప్పుడు త అను నాన్నా” అన్నారు. కొస లేవడానికి దారి లేదు, వెనక భాగం లేచింది, ‘త’ అనబోయిన పిల్ల నోట్లోంచి ‘క’ లాంటిదేదో బయటికొచ్చింది. పాప నోరు మూసుకుని మా అందరి వైపూ చూసింది. ఆ పుల్లని ఎంత గట్టిగా నొక్కాలి, ఎప్పుడు తీసేయాలి అన్నది అక్కడి థెరపిస్టు వేళ్ళకి తెలుసు.

ఆన్‌లైన్‌లో అది జరగదు. ఒక ట్రయల్ సెషన్‌లో ఇంకో థెరపిస్టు ప్రయత్నించారు. నోట్లో పుల్లలు పెట్టొద్దు, కడుక్కున్న వేలితో నాలుక కొసని తనే నొక్కుకోమనండి అన్నారు. పద్ధతి తప్పేం కాదు, కొంతమంది పిల్లలకి పనిచేస్తుంది. మా పాప వేలు కొరుక్కుని పకపకా నవ్వింది. పైగా కెమెరాకి నోట్లో చీకటి తప్ప ఏమీ కనిపించదు, టార్చి పట్టుకుని నేనూ, ఫోన్ వంచుతూ మా వారూ, ఆ పూట సెషన్ అలా గడిచిపోయింది. ప్రాంప్ట్ అని ఒక పద్ధతి ఉంది, అందులో థెరపిస్టు దవడనీ పెదవులనీ చేత్తో తాకి కదలికని చూపిస్తారు. అలాంటిది కావాల్సిన పిల్లలకి స్క్రీన్ ఎలాగూ కుదరదు.

అలాగని క్లినిక్‌కి పూర్తి మార్కులు వేయను. మేం వెళ్ళిన చోట సెషనంతా తలుపు వేసే ఉండేది. బయట కుర్చీలో కూర్చోవాలి, చివర్లో తలుపు తీసి “బాగా చేసిందండీ” అని ఒక కాగితం చేతిలో పెడతారు. ఇంట్లో ఆ కాగితం ముందేసుకుని కూర్చుంటే పాప అన్నది ‘క’నో, ‘త’నో, మధ్యలో ఇంకేదో నాకే అర్థమయ్యేది కాదు. తప్పుగా అన్నదాన్ని పదే పదే “శభాష్” అంటే తప్పే అలవాటవుతుంది కదా. బడి నుంచి అలసిపోయి వచ్చిన పిల్లని మళ్ళీ బయల్దేరదీయడం, కాస్త జలుబు చేస్తే ఆ వారం క్లాసు ఎగిరిపోవడం, ఆ గోల సరేసరి.

అందుకే శబ్దం కాస్త కుదురుకున్నాక ఆన్‌లైన్‌కి మారాం. అక్కడ పెద్దవాళ్ళెవరో ఒకరు పక్కన కూర్చోక తప్పదు, కాబట్టి థెరపీ అంటే ఏం చేస్తారో మొదటిసారి నా కళ్ళతో చూశాను. ఒక ఆట చెప్తాను. స్క్రీన్ మీద రెండు బొమ్మలు, కాళ్ళు, తాళ్ళు. పాప ఒకటి చెప్పాలి, థెరపిస్టు తనకి వినిపించినదాని మీద నొక్కుతారు. పాప కాళ్ళు అనుకుని “తాళ్ళు” అంది, ఆవిడ తాళ్ళ మీద నొక్కారు. “అది కాదు ఆంటీ!” అని దీనికి కోపం. మళ్ళీ అంది, ఈసారి ఆగి, గొంతులోంచి, కాళ్ళు. ఎవరూ తప్పు అనలేదు, ఎవరూ సరిచేయలేదు, మాట మారితే అర్థం మారుతుందని దానికే తెలిసింది. తర్వాత కల, తల. ఇప్పుడు అదే ఆట రాత్రి పడుకునే ముందు మేమిద్దరం ఆడుకుంటున్నాం. క్లినిక్ ఇచ్చిన ఆ కాగితాల కట్ట కంటే ఇది నాకు ఎక్కువ ఉపయోగపడింది.

ఇక సౌండు. దీని గురించి ఆన్‌లైన్ సర్వీసులవాళ్ళు ముందుగా చెప్పాలి, చెప్పరు. పాపకి ‘స’ కూడా నాలుక పళ్ళ మధ్యలోకి వచ్చి పలుకుతుంది. ‘స’లోని ఆ సన్నని ఈల లాంటి శబ్దం ఎక్కువగా 4,000 హెర్ట్‌జ్ పైన ఉంటుంది, వీడియో కాల్ యాప్‌లేమో దాన్ని ఫ్యాన్ చప్పుడు అనుకుని నొక్కేస్తాయి. చాలా బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు మైక్ ఆన్ అవగానే క్వాలిటీ తగ్గించేస్తాయి. అప్పుడు అవతలి థెరపిస్టుకి మంచి ‘స’, చెడ్డ ‘స’ ఒకేలా వినిపిస్తాయి, పాపం ఆవిడ మాత్రం ఏం చేస్తారు. వైరున్న హెడ్‌సెట్ పెట్టండి, నాయిస్ సప్రెషన్ తగ్గించండి. జూమ్‌లో అయితే ఒరిజినల్ సౌండ్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేయండి. మా థెరపిస్టు ఇంకో మంచి పని చేయించారు, సెషన్ జరుగుతుండగానే వేరే ఫోన్‌లో పాప గొంతు రికార్డ్ చేసి తర్వాత పంపించమనేవారు. నెట్ దాటి రాని ఆ రికార్డింగ్ విన్నాకే మార్కులు వేసేవారు.

ఆన్‌లైన్ థెరపీ నిన్నమొన్న పుట్టింది కూడా కాదు. అమెరికాలో స్పీచ్ థెరపిస్టుల సంఘం 2005లోనే దీన్ని సరైన పద్ధతిగా ఒప్పుకుంది. 2010లో ఒహాయో బడిపిల్లల మీద వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో ఆన్‌లైన్‌లో నేర్చుకున్న పిల్లలకీ, నేరుగా నేర్చుకున్న పిల్లలకీ ప్రోగ్రెస్‌లో పెద్ద తేడా కనిపించలేదు. చిన్నదే, దాన్ని పట్టుకుని ఎగరక్కర్లేదు కానీ, “స్క్రీన్ మీద మాటలు ఎలా వస్తాయి” అని కొట్టిపారేసే బంధువులకి చూపించడానికి పనికొస్తుంది.

మా అక్క కొడుకు కథ వేరు. బడిలో క్లాసు మధ్యలోంచి పిలిచి థెరపీకి తీసుకెళ్తుంటే వాడికి చచ్చేంత సిగ్గు, అందరూ చూస్తారు, తిరిగొచ్చాక ఎక్కడికెళ్ళావ్ అని అడుగుతారు. ఇంట్లో తన గదిలో కూర్చుని మాట్లాడటం వాడికి ప్రాణం లేచొచ్చినట్టయింది. కానీ నత్తికి ఆన్‌లైన్‌లో ఒక చిక్కు ఉంది, చూస్తే తప్ప తట్టదు. వాడికి మాట బయటికి రాక గొంతులో బిగుసుకుపోయినప్పుడు నోరు తెరిచే ఉంటుంది, ముఖం కదలదు, శబ్దం ఉండదు. అవతల కూర్చున్నవాళ్ళకి అది అచ్చం నెట్ ఆగిపోయినట్టే ఉంటుంది! మొదటి థెరపిస్టు “హలో, వినిపిస్తోందా?” అంటూ మధ్యలో దూరేవారు. నత్తి ఉన్న పిల్లాడి మాటకి అడ్డుపడటం కంటే చేయకూడని పని ఇంకోటి లేదు. రెండో ఆవిడ మొదటి రోజే ఒప్పందం చేసుకున్నారు, నిజంగా నెట్ పోతే చాట్‌లో మెసేజ్ పెడతాను, లేదంటే నేను వింటున్నట్టే, నువ్వు తాపీగా చెప్పు అని. కాల్‌లో వాడి ముఖం వాడికి కనిపించకుండా సెల్ఫ్ వ్యూ కూడా దాచేయించారు. ఇద్దరూ ఒకేసారి గొంతు కలిపి చదివే ఎక్సర్‌సైజు మాత్రం ఆన్‌లైన్‌లో దండగ, ఆడియో కాస్త ఆలస్యమైనా ఒకరి వెనక ఒకరు పడతారు. దానికి నెలకోసారి నేరుగా వెళ్తున్నాడు.

రేటింగ్ అడిగితే, కొత్త శబ్దం పుట్టించడానికి నేరుగా 5కి 5, ఆన్‌లైన్ 5కి 2. వచ్చిన శబ్దాన్ని మాటల్లో నిలబెట్టడానికి ఆన్‌లైన్ 5కి 4, తలుపేసిన క్లినిక్‌కి 3 చాలు, తల్లిదండ్రుల్ని లోపలికి రానిచ్చే క్లినిక్ దొరికితే ఆ 3 వెనక్కి తీసుకుంటాను. స్క్రీన్ ముందు పట్టుమని పది నిమిషాలు కూర్చోలేని పిల్లకైతే ఈ లెక్కలేవీ వద్దు, నేరుగానే వెళ్ళండి.

డబ్బు కట్టే ముందు మాత్రం మూడు విషయాలు అడిగి తేల్చుకోండి: ప్రతిసారీ అదే థెరపిస్టు ఉంటారా, మారుస్తారా, సెషన్‌లో పక్కన ఉన్న పెద్దవాళ్ళకి కూడా పని చెప్తారా, మధ్యలో నెట్ పోతే ఆ టైమ్ తర్వాత ఇస్తారా, మింగేస్తారా. మూడోదానికి మాకు దొరికిన మొదటి సర్వీసు జవాబు “పాలసీ చూడండి మేడమ్”. చూశాం, మింగేస్తారట. వేరేది వెతుక్కున్నాం.